తెలుగు ఫోన్లు

రింగ్ రోడ్ మార్కెట్లోని ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో తెలుగు వ్యాపారుల ఫోన్లు ఎత్తడం నా పని. నాన్న మగ్గాల పనికి సూరత్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో మాట్లాడే తెలుగే నాకు ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది. కానీ నా మనసెప్పుడూ పైఅంతస్తులోని డిజైన్ల గది మీదే ఉండేది. ఏ చీరలు నేయించాలో, ఏ రంగులు వేయించాలో తేల్చేది అక్కడే. జీతమూ మర్యాదా అక్కడే ఎక్కువ. అందులో ఒక చోటు ఖాళీ అయిందని తెలిసి, దుకాణం యజమాని శేఠ్ దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

“తెలుగు వ్యాపారులంతా నా మాట మీదే సరుకు తీసుకుంటున్నారు. వాళ్లకేం కావాలో నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆ పని నాకివ్వండి” అన్నాను హిందీలో.

ఆయన శ్రద్ధగా విన్నాడు. “నిజమే బేటీ. మరి నిన్ను ఫోన్ల దగ్గర్నుంచి ఎలా తీయను?” అన్నాడు.

“ఇంకొకరికి నేర్పిస్తే?” అన్నాను.

“నేర్పించు, చూద్దాం.”

మా గల్లీలోనే ఉండే ఒక తెలుగమ్మాయిని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చురుకైన పిల్ల, కొద్దిరోజుల్లోనే పని పట్టేసింది. ఒకరోజు శేఠ్ చూస్తుండగా ఫోన్ ఎత్తింది. అవతల కరీంనగర్ వ్యాపారి.

“నువ్వెవరమ్మా? జర అక్కకియ్యి. ఆమె చెప్తెనే నేను సరుకు తీస్కుంట.”

ఆమె బిక్కమొహంతో ఫోన్ నా వైపు చాపింది. అందుకోకూడదనే అనుకున్నాను. శేఠ్ కళ్లు నా మీదే ఉన్నాయి.

“చెప్పు అన్నా” అన్నాను.

ఆ వారమే ఆ అమ్మాయిని పైన డిజైన్ల గదిలో ఖాళీగా ఉన్న చోటుకి పంపారు. ఎలాగూ పని నేర్చుకుంది, కింద ఆమె అవసరం లేదన్నారు. నాకు మాత్రం మెత్తటి కొత్త కుర్చీ ఇచ్చారు.

సాయంత్రం అమ్మకు చెప్తే, “మల్ల అడుగు బిడ్డా. గిట్ల ఊకుంటె ఎట్ల?” అంది.

“ఏమని అడగాలె అమ్మా? నేను మంచిగ పనిచేస్తననే కదా చెప్పాలె?”

పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.