వాసంతి బోర్డు మీద రాసిన మాట

రాజుపాలెం లైబ్రరీకి వచ్చేవాళ్ళు లోపలి పుస్తకాలకన్నా ముందు గుమ్మం పక్కనున్న నల్లబోర్డు చదువుతారు. తలుపు తీయగానే వాసంతి దాని మీద పేరున్నవాళ్ళు ఎవరో అన్న మాట ఒకటి రాస్తుంది. భర్త పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పనిచేసి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. ఊడ్చడం అయ్యాక మిగిలిన పొద్దంతా చదివేది. మిరపకోతలకు పోయే ఆడవాళ్ళు సైతం బోర్డు ముందు ఆగి, కూడబలుక్కుని చదివి, "ఇయ్యాల గట్టి మాటే ఏశావమ్మా" అనేవాళ్ళు.

ఆ సోమవారం ప్రేమ గురించి రాసింది. 'మనిషిని గడప లోపల ఆపగలం, మనసుని ఆపలేం.' ఎవరో పేరున్న రచయిత్రి అన్నదని పాత వారపత్రికలో చూసింది.

చేతికంటిన సుద్ద దులుపుకుంటుండగా భవ్య పరిగెత్తుకొచ్చింది. పోటీ పరీక్షలకని రోజూ వచ్చి చదువుకునే పిల్ల. పెదవి చిట్లి ఉంది.

"అక్కా, నేను సందీప్‌ని ప్రేమించిన సంగతి ఇంట్లో తెలిసిపోయింది. వాళ్ళ కులమేందో తెలిసి సుధీర్ అన్న కత్తి తీశాడు. సందీప్ సత్తెనపల్లి నుంచి పోలీసుల్ని తీసుకొస్తన్నాడు. అందాకా నన్ను దాచక్కా."

వాసంతి ఆమెను పాత పేపర్ల గదిలోకి తోసి తలుపు దగ్గరగా వేసింది. అంతలోనే వీధిలో బండ్లు ఆగాయి. భవ్య తండ్రి పున్నయ్య, ఆయన అన్న కొడుకు సుధీర్ బాబు, ఇంకో ఇద్దరు దిగారు.

సుధీర్ బోర్డు చదివాడు. "చూశావా బాబాయ్, ఈమే నేర్పింది!" అని అరచేత్తో అక్షరాలు తుడిచేసి గుమ్మం ఎక్కబోయాడు.

వాసంతి అడ్డంగా నిలబడింది. "పున్నయ్య బాబాయ్ ఒక్కడే రావాలి. మిగతావాళ్ళు వస్తే కేకలేస్తా. బజారంతా ఇక్కడే ఉంది."

పున్నయ్య చేత్తో వాళ్ళను ఆపి లోపలికి వచ్చాడు. బల్లల మధ్య ఒకసారి తిరిగి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంతమంది పెద్దోళ్ళ మాటలు రాస్తావు గదమ్మాయ్. బిడ్డ ఇట్టా చేస్తే తండ్రి ఏం జెయ్యాలో ఒక్కడన్నా చెప్పాడా?"

"లేదు బాబాయ్. అది నువ్వే చెప్పాల."

ఆ మాటకు లోపలి గదిలో ఆపుకోలేని వెక్కిళ్ళ శబ్దం వినిపించింది. పున్నయ్య తల తిప్పి ఆ తలుపు వైపు చూశాడు. లేచి రెండడుగులు వేశాడు. వాసంతి చేయి బల్ల మీది ఇనుప స్టాండు మీదికి పోయింది.

ఆయన తలుపు ముట్టుకోలేదు. కండువాతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి గుమ్మం దిగాడు.

"లోపల ఎవురూ లేరు. పిడుగురాళ్ల బస్సెక్కి ఉంటది, పదండి" అన్నాడు.

"ఒకసారి నేను చూస్తా బాబాయ్."

"నేను చూశానని చెప్పాగదరా!"

బండ్లు సత్తెనపల్లికి ఎదురు దిక్కున పోయాయి. వాసంతి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి మహిళా పోలీసులతో సందీప్ వచ్చి భవ్యను తీసుకెళ్ళాడు. వాళ్ళు రిజిస్టర్ పెళ్ళి చేసుకుని వేరే జిల్లాలో కాపురం పెట్టారు.

వాసంతిని కొన్నాళ్ళు ఎవరూ పలకరించలేదు. సుధీర్ మనుషులు లైబ్రరీ కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆమె అట్టముక్కలు అడ్డం పెట్టి తలుపులు తీస్తూనే ఉంది.

మిరపకోతలు అయిపోయాక ఒక పొద్దున పున్నయ్య వచ్చాడు. పేపర్ తీసుకుని ఓ మూల కూర్చున్నాడు. చాలాసేపు ఒకే పేజీ చూస్తూ ఉండిపోయాడు.

"ఫోన్ చేసిందా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"చేసింది బాబాయ్. బాగానే ఉందంట. పరీక్ష కూడా రాసిందంట."

"పరీక్ష ఎట్టా రాసిందంట?" అని పున్నయ్య కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు.