చేశానని చెప్పిన టెస్టులు

మా గురువుగారు పోయారని పోయిన ఆదివారం డ్యూటీలో ఉండగా ఫోనొచ్చింది. చేసింది సహం అనే ఊళ్లో ఆయన రూమ్‌లో ఉండే జగిత్యాల మనిషి. "అన్నా, మీ సార్ పోయిండు. పొద్దున లేపితె లేవలె. గుండె ఆగిందంటున్నరు. సార్ ఫోన్ల నీ నంబరే పైన ఉంది" అన్నాడు. పైన ఎందుకుందో నాకు తెలుసు. శుక్రవారం ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

గురువుగారంటే బడిలో చదువు చెప్పినాయన కాదు. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ హైల్‌లో మా కంపెనీ ఆఫీసు సర్వర్లు చూసే సీనియర్. కాకినాడ మనిషి. మా సర్వర్ బాగా పాతదైపోయి, డిస్కులోని ఫైళ్ల అమరికను, అంటే ఫైల్ సిస్టమ్‌ను, సరిచేసే టూల్స్ దానికి రెడీమేడ్‌గా దొరికేవి కావు. ఆయనే సోర్స్ కోడ్ తెచ్చి, అక్కడే కంపైల్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చి, ఎక్కించేవారు. నాకూ నేర్పారు. కంపైల్ అవుతున్నంతసేపూ పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లలా స్క్రీన్ ముందు నుంచి కదిలేవారు కాదు. వార్నింగ్ వస్తే "ఇక్కడ సణిగింది, చూడాలి" అని కాగితం మీద రాసుకునేవారు.

టూల్ తయారయ్యాక దాంతోపాటు వచ్చే టెస్టులన్నీ నడపాల్సిందే. గంట పైనే పట్టేది. అదీ చాలక, ఒక ఖాళీ ఫైల్‌నే డిస్కులా మార్చి, అందులో ఏవేవో పెట్టి, కావాలని పాడుచేసి, కొత్త టూల్‌తో బాగుచేయించేవారు. "ముందు ఉత్తుత్తి డిస్కును చంపి బతికించవయ్యా. నిజందాన్ని ఆ తరవాత ముట్టుకో" అనేవారు.

"ఇంట్లో ఇడ్లీకి కూడా ఇంతేనా గురూగారూ?" అని ఆటపట్టించేవాణ్ణి.

"మొదటి వాయి మీ అక్కయ్య నాకే పెడుతుందిగా. నేను బతికుంటే మిగతావాళ్లు తింటారు" అనేవారు నవ్వుతూ. ఆయన భార్యను నేను అక్కయ్యగారనే పిలిచేవాణ్ణి.

ఒక గురువారం ఆయన సెలవులో ఉండగా, కట్టడాల సైట్ల డ్రాయింగులుండే డిస్కు తప్పులు చూపించింది. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు, కాబట్టి మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు. సముద్రపొడ్డున ఉన్న ఖురియాత్ వెళ్దామని స్నేహితులు కింద కారు హారన్ కొడుతున్నారు. టూల్ కొత్త వెర్షన్ కంపైల్ చేశాను, ఎక్కించాను, టెస్టులు వదిలేశాను. నేరుగా అసలు డిస్కు మీద నడిపి, అది అడిగిన ప్రతిదానికీ యస్ కొట్టి వెళ్లిపోయాను.

ఆదివారం వచ్చి చూస్తే ఫోల్డర్లు లేవు. వేల ఫైళ్లు పేర్లు పోయి, ఉత్త నంబర్లతో ఒకేచోట కుప్పగా పడున్నాయి. బ్యాకప్ చాలా పాతది. గురువుగారు కాసేపు సర్వర్ ముందు కూర్చుని, నా వైపు తిరిగారు.

"టెస్టులు నడిపావా?"

"నడిపాను గురూగారూ."

ఆయన ఇంకేమీ అడగలేదు. మేనేజర్ గదిలోకి వెళ్లి, "పద్ధతి నేను నేర్పింది, బాధ్యత నాది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. తరవాత రోజుల తరబడి ఒక్కో ఫైలూ తెరిచి చూసి, మళ్లీ పేరు పెట్టారు. నేనూ పక్కన కూర్చుని పేర్లు పెట్టాను, మహా సాయం చేస్తున్నవాడిలా. ఆ పని పూర్తయ్యాక కంపెనీ ఆయన కాంట్రాక్ట్ పొడిగించలేదు. అక్కయ్యగారిని కాకినాడ పంపించి, ఆయన సహంలో లాప్‌టాప్‌లు బాగుచేసే షాపులో చేరారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను.

మూడేళ్లు. రెండు గంటల దారి. ఒక్కసారీ వెళ్లలేదు. ఆయనే ఫోన్ చేసేవారు. ఎత్తినప్పుడు కూడా డ్యూటీలో ఉన్నానని తొందరగా పెట్టేసేవాణ్ణి.

ఆయన భౌతికకాయాన్ని విమానంలో ఊరికి పంపించాక, సామాను సర్దడానికి నిన్న సహం వెళ్లాను. ఆయన పనిచేసిన షాపులోంచే కాకినాడకు ఫోన్ చేశాను. "అక్కయ్యగారూ, ఆ టెస్టులు నేను చేయలేదండీ. చేశానని అబద్ధం చెప్పాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.



"ఆయనకు తెలుసు బాబూ. టెస్టులు చేస్తే లాగ్ అని, చేసిన పని లెక్క ఏదో కంప్యూటర్లో మిగులుతుందట కదా. అది లేదని మేనేజర్ దగ్గరికి వెళ్లేముందే చూశారు. 'అతనే చెప్పాలి, మనం అడక్కూడదు' అన్నారు. ఆయన నాకు ఫోన్ చేసినప్పుడల్లా నేనే అడిగేదాన్ని, చెప్పాడా అని. 'ఇంకా లేదు' అనేవారు."

ఫోన్ పెట్టేశాక ఆయన బల్ల దగ్గరే నిలబడ్డాను. ఎవరిదో లాప్‌టాప్ సగం విప్పి ఉంది. పక్కన ఒక తెల్లకాగితం, దాని మీద ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా పెన్సిల్‌తో గీసిన చిన్న చిన్న గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక్కో స్క్రూ. ఫ్యాన్ గాలికి కాగితం అంచు లేస్తోంది, ఆ స్క్రూల బరువుకి మళ్లీ ఆనుకుంటోంది.