మిగతా పిల్లవాడి పంటినొప్పి

నిన్న సాయంత్రం యాప్రాల్‌లోని మా ఫ్లాటు వంటగదిలో, పోపుల డబ్బా అడుగున వెతగ్గా వెతగ్గా దొరికిన ఒక్కగానొక్క లవంగాన్ని కుడి దవడ పంటి కింద పెట్టి నొక్కానో లేదో, ఆ ఘాటు ముక్కులోకెక్కి, కళ్ళలో నీళ్ళు తిప్పి, నలభై ఏళ్ళ పైచిలుకు వెనక్కి, మారేడ్‌పల్లిలో మేం అద్దెకున్న పెంకుటింటి వసారాలోకి నన్ను విసిరి పారేసింది. పళ్ళ డాక్టరమ్మ ఎల్లుండి దాకా ఖాళీ లేదంది. ఈలోగా నా చెంప గోల్కొండ గుమ్మటంలా ఉబ్బి, అద్దంలో నాకంటే ముందు అదే కనిపిస్తోంది. మా ఆవిడ ఫోనులోంచి తలెత్తకుండా "మాత్ర వేసుకోండి" అంది. అంతే, అక్కడితో నా వైద్యం పూర్తయింది. లవంగం వాసన లోకంలో అందరికీ బిర్యానీని గుర్తుకు తెస్తుంది. నాకు మాత్రం మా తమ్ముడి మీది కడుపుమంటను గుర్తుకు తెస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడు బాబీకి ఆరు. నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. నాన్నను కన్న మామ్మ గుంటూరు వైపు నుంచి తన ట్రంకు పెట్టె, తన బైబిలు, తన గొంతు వెంటబెట్టుకుని వచ్చి మాతో ఉండిపోయింది. డిసెంబరు వచ్చిందంటే మారేడ్‌పల్లిలో పొద్దున్నే పొగమంచు ఎంత దట్టంగా దిగేదంటే, పాలవాడు సైకిలు బెల్లు మోగించుకుంటూ వస్తే ముందు బెల్లు వచ్చేది, తర్వాత పాలు వచ్చేవి, చాలాసేపటికి గాని పాలవాడు వచ్చేవాడు కాదు. క్రిస్మస్ ముందు వారమంతా అమ్మా మామ్మా పొయ్యి ముందు కూర్చుని, గులాబీ పువ్వుల అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలిస్తుంటే, ఆ కమ్మటి వాసన వీధి చివర కల్లు దుకాణం దాకా పోయి తాగినవాళ్ళ మత్తు దించేదని మా నాన్న అనేవాడు. అరిసెలొక డబ్బాలో, గులాబీ పువ్వులొక డబ్బాలో, బెల్లం పాకంతో రాయిలా బిగిసిన వేరుశనగ ఉండలొక డబ్బాలో నింపి, పండగ దాకా ముట్టుకోవద్దని అటక మీద పెట్టేవారు.

ఆ అటక ఎక్కి వేరుశనగ ఉండ దొంగిలించినవాడు బాబీ. కొరికింది మంగళవారం సాయంత్రం. తిరుమలగిరిలో ఉండే పళ్ళ డాక్టరు పిల్లల్ని చూసేది మంగళవారం, శనివారం మాత్రమే. ఆయన మంగళవారం తలుపులు మూసుకుని వెళ్ళిన అరగంటకు మావాడు కుయ్యోమన్నాడు. అంటే శనివారం దాకా ఆగాలి. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో నిజాం ప్రభువు మళ్ళీ గద్దెనెక్కాడు.

మామ్మ పెనం మీద రాళ్ళ ఉప్పు చిటపటలాడేలా వేయించి, పాత చీర గుడ్డలో మూట కట్టి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, ఆ తర్వాత ప్రభువుల చెంపకు కాపడం పెట్టేది. అమ్మ లవంగం నూరి దూదిలో పెట్టి పంటి మీద ఉంచేది. పక్కింటి యాదమ్మత్త తన పెరటి జామచెట్టు లేతాకులు మరిగించి, పుక్కిలించమని చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చేది. నాన్న, ఎవరి ముందూ నవ్వని మా లెక్కల నాన్న, వాణ్ణి భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ నడుస్తూ ఎక్కాలు జోలపాటలా చెప్పేవాడు. వాడికి సగ్గుబియ్యం జావ, పాలలో నానబెట్టిన రొట్టె, నా వాటా దుప్పటి. నాకు బీరకాయ కూర. అదీ గింజ ముదిరిన బీరకాయ.

ఇవన్నీ సహించేవాణ్ణే. సహించలేనిది సాయంత్రం ప్రార్థన. మా ఇంట్లో అందరం చాప మీద మోకరిస్తే, మామ్మ రోగుల్ని ఒక్కొక్కరిని పేరు పెట్టి దేవుడికి అప్పగించేది. బుధవారం సాయంత్రం బాబీ పన్ను గురించి, ఆ పంటి చిగురు గురించి, ఆ చిగురు కింది నరం గురించి ఎంత వివరంగా మనవి చేసిందంటే, దేవుడు దంతవైద్యం చదవకపోయినా ఆ పూటతో పాసైపోయేవాడు. చివర్లో ఊపిరి తీసుకుని, "మిగతా పిల్లల్ని కూడా కాపాడు తండ్రీ" అంది. మా ఇంట్లో పిల్లలం ఇద్దరమే. మిగతా పిల్లలంటే నేను.

"ఆమెన్" అనాల్సిన చోట "అమ్మా!" అని అరిచి చెంప పట్టుకున్నాను.

"ఏ పక్కరా నాన్నా?" అంది మామ్మ.

"కుడి."

అంతే, పెనం మళ్ళీ పొయ్యెక్కింది. ఉప్పు మూట నా కుడి చెంపకు ఆనింది. మామ్మ ఒడి గంజి పెట్టిన నేత చీర వాసన వేసేది. నన్ను ఆ ఒడిలో పడుకోబెట్టుకుని, కాపడం పెడుతూ ఏదో కీర్తన రాగాన్ని పెదవి విప్పకుండా గొంతులోనే తీసింది. ఆ వెచ్చదనానికి నా ఎముకలన్నీ వెన్నలా కరిగి, చాప మీద మిగిలింది నా నిక్కరొక్కటే. ఒక్కటే చిక్కు వచ్చింది. తెల్లవారేసరికి నొప్పి ఏ పక్కన ఉందో మరిచిపోయాను. మామ్మ అడిగితే "ఎడమ" అన్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి, మారు మాటాడకుండా మూట తీసి ఎడమ చెంపకు పెట్టింది. మధ్యాహ్నం "కుడి" అంటే కుడికి మార్చింది.

యాదమ్మత్త అంత మంచిది కాదు. జామాకు నీళ్ళ చెంబుతో వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏంది పోరగా, పొద్దుగాల ఎడమ దౌడంటివి, గిప్పుడు కుడి దౌడంటున్నవ్? నీ నొప్పేమన్న సిటీ బస్సెక్కి తిరుగుతున్నదా?"

పైగా పంటినొప్పి ఉన్నవాడు గట్టివి తినకూడదట. అటక మీద నుంచి గులాబీ పువ్వులు నన్ను పేరు పెట్టి పిలుస్తుంటే నేను సగ్గుబియ్యం జావ తాగాను. అదీ బాబీ తాగగా మిగిలింది.

గురువారం సాయంత్రం మా ఇంట్లో స్త్రీల సమాజం కూడిక. పదిహేను మంది ఆంటీలు చాపల మీద కూర్చుని, మామ్మ నా పంటినొప్పి సంగతి చెప్పగానే, ఒకరి తర్వాత ఒకరు నా చెంప మీద చెయ్యి వేసి ప్రార్థించారు. పేరు పెట్టి! నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అంత సుఖం నేను మళ్ళీ నా పెళ్ళిలో కూడా ఎరగను. అంతా అయ్యాక సమాజానికి పెద్ద అయిన రత్నమ్మ ఆంటీ నా గడ్డం పట్టుకుని, "తగ్గిందా బాబూ? తగ్గితే ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి మరి" అంది.

నా గుండె జారి ఉప్పు మూటలో పడింది. మా వాళ్ళలో మేలు పొందినవాడు సంఘమంతటి ముందూ నిలబడి, దేవుడు తనకేం చేశాడో నోరారా చెప్పాలి. అది సాక్ష్యం. అబద్ధం ఇంట్లో ఆడితే నాన్న బెత్తం, బడిలో ఆడితే గోడకుర్చీ. చర్చిలో నిలబడి ఆడితే పైకప్పు విరిగి మీద పడుతుందని నాకు గట్టి నమ్మకం. తగ్గిందంటే సాక్ష్యం. తగ్గలేదంటే శనివారం పటకారు. చాలాసేపు ఆలోచించి, పైకప్పు కంటే పటకారు చిన్నదని తేల్చుకుని, "తగ్గలేదాంటీ" అన్నాను.

శనివారం నాన్న మా ఇద్దర్నీ స్కూటరు మీద తిరుమలగిరి తీసుకెళ్ళాడు. బాబీ పాలపన్ను అప్పటికే ఊగుతోంది. డాక్టరు మాటల్లో పెట్టి వేళ్ళతోనే లాగేస్తే, వాడు ఏడవడం కూడా మరిచిపోయి ఆ పన్నును జేబులో వేసుకున్నాడు. తర్వాత నన్ను కుర్చీ ఎక్కించారు. ఆ కుర్చీ చార్మినారంత ఎత్తు, డాక్టరు చేతిలోని సామాను నాగలికి తమ్ముడు. "తక్లీఫ్ ఎక్కడ బేటా?" అన్నాడాయన. ఒక పన్ను చూపించాను. ఆయన మిగతా పళ్ళన్నీ తట్టి చూసి మళ్ళీ అడిగాడు. ఇంకోటి చూపించాను. ఆయన సామాను కింద పెట్టి, తలుపు దగ్గర పన్ను చూసుకుని మురుస్తున్న బాబీ వైపు చూసి, నా చెవిలో అన్నాడు. "తమ్ముడున్నడు గదా? నీ తక్లీఫ్ గదే. గా పన్ను పీకుడు నాతోని కాదు."

డాక్టరు చెప్పింది నాన్న కూడా విన్నట్టున్నాడు. ఇంటికొచ్చి మామ్మతో ఏదో గుసగుసగా చెప్పాడు. ఆ పూట నాకు ఉప్పు మూట లేదు. అయితే మామ్మ నన్ను తిట్టనూ లేదు. అది ఇంకా భయం.

ఆదివారం పాస్టరుగారు "సాక్ష్యం ఉన్నవారు లేవండి" అన్నారు. ముందు వరసలోంచి రత్నమ్మ ఆంటీ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి నన్ను చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. అప్పుడు నా పక్కనుంచి చీర గరగర మంది. మామ్మ లేచింది.

"మా ఇంట్లో ఇద్దరు పిల్లలకి పంటినొప్పి వచ్చిందండీ. చిన్నోడి పన్ను డాక్టరు తీశాడు. పెద్దోడి నొప్పి ఏ పంట్లో ఉందో వాడికే తెలియదు, ప్రభువుకి తెలుసు, నాకు తెలుసు. ఇకమీద వాణ్ణి పేరు పెట్టి అప్పగించుకుంటానని మాటిస్తున్నాను. స్తోత్రం."

"స్తోత్రం!" అంది సంఘమంతా. పైకప్పు కదల్లేదు.

మామ్మ మాట తప్పలేదు. తాను బతికినన్నాళ్ళూ సాయంత్రం ప్రార్థనలో నా పేరు ముందు చెప్పి, బాబీని "మిగతా పిల్లల్లో" కలిపేసేది. ఇప్పుడు మామ్మ లేదు. పెంకుటిల్లు పోయి నాలుగంతస్తులు లేచాయి. యాదమ్మత్త జామచెట్టున్న చోట ఎవరివో కార్లు నిలబడి ఉంటాయి. మా వంటింట్లో రాళ్ళ ఉప్పు లేదు, మూట కట్టడానికి పాత చీర లేదు. సాయంత్రం అందరం ఒకే చాప మీద మోకరించి ఎన్నాళ్ళయిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

లవంగం నములుతూనే బాబీకి ఫోను చేశాను. వాడిప్పుడు తిరుమలగిరిలోనే ఉంటాడు, బట్టతల, ముగ్గురు పిల్లలు. నా పంటినొప్పి, ఇంట్లో రాళ్ళ ఉప్పు లేని సంగతి చెప్పి, ఆ నాలుగు రోజులూ నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో తెలుసా అని మొదలెట్టాను.

"నువ్వా కుళ్ళుకుంది?" అన్నాడు వాడు. "నీకు కాపడం పెడుతూ మామ్మ కీర్తన రాగం తీసేదన్నయ్యా. నాకు పెట్టేటప్పుడు ఒక్కసారైనా తీయలేదు. దుప్పటి కిందనుంచి వినేవాణ్ణి. నిజం పన్ను నాది, పాట నీకా అని ఇప్పటికీ మండుతుంది."

ఆ మాట వినగానే నా నొప్పి ముప్పాతిక వంతు దిగిపోయింది. నన్ను చూసి ఒకడు నలభై ఏళ్ళుగా కుళ్ళుకుంటున్నాడు! లోకంలో ఇంతటి మందు ఇంకోటి లేదు.

"వస్తున్నాలే, రాళ్ళ ఉప్పు నేనే తెస్తా" అన్నాడు. "ఇంతకీ ఏ పక్కన్నయ్యా?"

"ఎడమ" అన్నాను.

నొప్పి కుడి పక్కనే. వాడొచ్చి మూట పెట్టాక "కాదు, కుడి" అంటాను. మారు మాటాడకుండా మారుస్తాడో లేదో చూడాలి.