ఎదురింటి ఆంటీ, గుడ్డ బొత్తాల కమ్మలు

గత నెల ఒక ఉదయం ఆఫీసుకు బయలుదేరి తలుపు తీసేసరికి, ఎదురింటి ఆంటీ కూతురు కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది. నన్ను చూసి, "అమ్మ పోయింది అక్కా. తెల్లారుతుండగా" అంది. ఆంటీ గుండె జబ్బుతో కొంతకాలంగా ఆసుపత్రిలోనే ఉంది. డాక్టర్లు ముందే చెప్పారు. ఆ అమ్మాయిని లోపలికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చాను. తాగలేదు. చల్లారేదాకా కప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఇక్కడ సింగపూర్‌లో మా యూ టీ పేట చుట్టుపక్కల ఉండే మీలో కొందరు ఆంటీని చూసే ఉంటారు. ఆదివారాలు మా బ్లాకు కింద బల్లలు వేసుకుని అమ్మేవాళ్లలో చివరి బల్ల ఆవిడది. గుడ్డ తొడిగిన బొత్తాలతో చేసిన కమ్మలు, ఉంగరాలు, తలపిన్నులు అట్టముక్కలకు గుచ్చి పెట్టేది. పుట్టింది మలేషియాలో, ఒక రబ్బరు తోటలో. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబం. పెళ్లయ్యాక, భర్తకు ఇక్కడ ఓడల మరమ్మతు పని దొరికితే సింగపూర్ వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ తెలుగులోకి తమిళం, మలయ్ అడగకుండానే వచ్చి చేరేవి. మంచి గుడ్డ కనబడితే చాలు, "చంతిక్! ఎంత బాగుందో సూడు" అని రెండు భాషల్లోనూ మెచ్చుకునేది.

టైలర్ల దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు, చిరిగిన బాతిక్ లుంగీలు, ఎవరి పిల్లలకో పొట్టయిపోయిన గౌన్లు, అన్నీ ఆవిడ ఇంటికి చేరేవి. ఉతికి, ఇస్త్రీ చేసి, రంగుల వారీగా బిస్కెట్ డబ్బాల్లో సర్దేది. గుండ్రంగా కత్తిరించిన గుడ్డను రేకు బొత్తం మీద పరిచి, అంచులు లోపలికి మడిచి, వెనక బిళ్ల పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చునేది. "పువ్వు మధ్యలోకి రావాల. లేపోతే బొత్తానికి మెల్లకన్ను వచ్చినట్టుంటది" అనేది. అలా వచ్చినవి అమ్మేది కాదు. తన జాకెట్లకు కుట్టుకునేది.

మా పరిచయం మాత్రం నా కూతురి వల్ల పెరిగింది. పాప ఎడమ చెవి పుట్టుకతోనే చిన్నది. విచ్చుకోని మొగ్గలా ఉంటుంది, తమ్మె లేదు. చెవులు ఎప్పుడు కుట్టిస్తున్నారని గుంటూరు నుంచి మావాళ్ల ఫోన్ వచ్చినప్పుడల్లా మాట మార్చేదాన్ని. బయటికి వెళ్లేటప్పుడు జుట్టంతా ఆ వైపుకు దువ్వి చెవిని కప్పేదాన్ని. అలా ఎందుకని పాప ఎప్పుడూ అడగలేదు. అడిగే రోజు వస్తుందని నా భయం.

పాప కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఒక ఆదివారం ఆంటీ బల్ల ముందు ఆగిపోయింది. నీలం గుడ్డ మీద చిన్న పసుపు పువ్వులున్న కమ్మల మీద వేలు పెట్టి, "అమ్మా, ఐ వాంట్ దిస్ వన్" అంది.

"తర్వాత చూద్దాం, రా" అన్నాను.

పాప జుట్టులోకి చెయ్యి పోనిచ్చి ఎడమ చెవి తడుముకుంది. "దిస్ సైడ్ కెనాట్, రైట్?" అంది. ఏడుపు లేదు, అలక లేదు. షాపులో పాలు అయిపోయాయా అని అడిగినంత మామూలుగా అడిగింది.

ఆంటీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పాప ఎదురుగా ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుంది. తన కుడి చెవి మీది జుట్టు పైకెత్తింది. తమ్మె రెండుగా చీలిపోయి ఉంది. అన్నాళ్లుగా ఎదురింట్లో ఉన్నా నేనెప్పుడూ గమనించలేదు.

"సూడు. నాకు కూడా ఒక సైడ్ కెనాట్."

"హూ డిడ్?"

"మా తమ్ముడు. సంకలో ఎత్తుకుంటే బంగారం కమ్మ పట్టుకుని లాగేసినాడు. మా అమ్మ ఒకటే ఏడుపు."

"పెయిన్ ఆర్ నాట్?"

"అప్పుడు పెయిన్. ఇప్పుడు నో పెయిన్ లా."

పాప వేలితో ఆ చీలికను మెల్లగా ముట్టుకుంది. ఆంటీ కదలకుండా కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, నీకిష్టమైతే రేపు సాయంత్రం పాపని తీసుకుని ఇంటికి రా" అంది.

వెళ్లాం. డబ్బాలన్నీ పాప ముందు బోర్లించింది. అంత గుట్టలోంచి పాప మళ్లీ ఆ నీలం గుడ్డే తీసింది. ఆంటీ రెండు బొత్తాలు చేసింది. ఒకటి చెవికి కరిచి పట్టుకునే కమ్మకు అతికించింది, రెండోది తలపిన్నుకు. కమ్మ పాప కుడి చెవికి పెట్టింది. తర్వాత పిన్ను చేతిలో పట్టుకుని నన్ను చూసింది. నేను తల ఊపాను. అప్పుడు పాప జుట్టు వెనక్కి తీసి, చిన్న చెవికి సరిగ్గా పైన ఆ పిన్ను పెట్టింది. చెవి మొత్తం కనబడుతోంది, పైన పసుపు పువ్వు.

"ఇది జత. ఒకటి సెవికి, ఒకటి జుట్టుకి" అంది.

పాప అద్దం దగ్గరికి పరిగెత్తింది. నేను వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను.

అక్కడితో అయిపోతే ఆవిడది మంచి మనసు అనుకుని ఊరుకునేదాన్ని. తర్వాతి ఆదివారం బల్ల మీద అలాంటి జతలు ఒక వరస ఉన్నాయి. ఒక కమ్మ, ఒక తలపిన్ను. రెండు చెవులూ బాగున్న అమ్మాయిలు సరదాపడి కొనుక్కున్నారు. స్కూల్ బస్సులో ఒక పిల్ల పాప లాగే పెట్టుకొచ్చింది. "సేమ్ సేమ్!" అని ఇంటికొచ్చి ఎగిరింది నా కూతురు. నా బిడ్డ ఒక్కదాని కోసమే చేసినట్టు ఆంటీ ఎవరికీ చెప్పలేదు. ఆ మేలు ఎంతటిదో, ఒక చెవిని అన్నేళ్లు జుట్టు కింద దాచిన తల్లికే తెలుస్తుంది.

ఊళ్లోనే బిషాన్‌లో ఉండే ఆంటీ కూతురికి మాత్రం ఆ బల్ల నచ్చేది కాదు. "వై మస్ట్ సెల్, మా? నేను చూసుకోవట్లేదు అనుకుంటారు పీపుల్" అని మా ముందే అనేసింది ఒకసారి.

"నువ్వు సూసుకోవని కాదే. నాకు మనుషులు కావాల. ఇంట్లో కూకుంటే ఎవులొస్తారు?" అంది ఆంటీ.

ఆంటీని ఆసుపత్రిలో చేర్చాక మాత్రం ఒక గుడ్డముక్కల డబ్బా, బొత్తాలు కూతురే పట్టుకెళ్లింది. ఆంటీ వేళ్లలో బలం లేదు. తల్లి చెబుతుంటే కూతురు చేసింది. నేను వెళ్లేసరికి మంచం మీద ఒక ఎర్ర బొత్తం ఉంది. "పువ్వు పక్కకి పోనాది సూడు, దీనికి ఎంత సదువు సెప్పించినా" అని ఆంటీ నవ్వింది. కూతురు కూడా నవ్వింది. నేను ఆవిడను మాట్లాడుతుండగా చూసింది అదే చివరిసారి.

దహనం అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, సండేకి అమ్మ టేబుల్ ఆల్రెడీ బుక్ చేసేసింది. హౌ?"

"వెళ్దాం" అన్నాను.

ముగ్గురం వెళ్లాం. పాప అట్టలు అందిస్తే ఆ అమ్మాయి వరసలు పేర్చింది. తల్లి పేర్చినంత తిన్నగా రాలేదు. పదకొండు దాటాక, మార్కెట్ నుంచి వస్తున్న ఒక ముసలి చైనీస్ ఆవిడ బల్ల ముందు ఆగి, మీ అమ్మ ఏదని మలయ్‌లో అడిగింది. ఆ అమ్మాయి మలయ్‌లోనే, చాలా చిన్న గొంతుతో జవాబు చెప్పింది.

ముసలావిడ ఖాళీగా ఉన్న స్టూల్ లాక్కుని మా పక్కన కూర్చుంది. ఆకుకూరల సంచి ఒళ్లో పెట్టుకుంది, కాడలు బయటికి వచ్చి ఉన్నాయి. వాన మొదలైంది. ఆవిడ ఏమీ కొనలేదు, లేవలేదు. ఎవరైనా బల్ల దగ్గరికి వస్తే మాత్రం, కాళ్లు కొంచెం వెనక్కి తీసుకుని వాళ్లకు దారి ఇస్తోంది.