పసుపుపచ్చ గొట్టం

నా చిన్నప్పుడు మా ఊరంతా ఒక పసుపుపచ్చ గొట్టంలోంచి పడే నీళ్లు తాగేది. అంతకుముందు కొండ ఊట దగ్గర చీల్చిన వెదురు ఉండేది. ఏటేటా వానాకాలానికి అది కుళ్లిపోయేది. సగం నీళ్లు పక్కకు పోతుంటే ఆడవాళ్లు బిందె కింద పెట్టి వెదురును తిడుతూ కూర్చునేవారు. ఒక రోజు మా నాన్న ఎక్కడినుంచో ఈ గొట్టం భుజాన వేసుకొచ్చాడు. దానికి ఒక చివర గరాటులాంటి మూతి ఉంది. ఆ మూతిని ఊట రాళ్ల మధ్య ఇరికించి, చుట్టూ మట్టి మెత్తాడు. నీళ్లన్నీ బుద్ధిగా అందులోకి వచ్చి రెండో చివర ధారగా పడ్డాయి. గొట్టానికి ఒక చిన్న గొలుసు కూడా వేలాడుతుండేది. పిల్లలం దాన్ని పట్టుకుని ఊపేవాళ్లం. ఊళ్లో అందరూ నాన్నను మెచ్చుకున్నారే తప్ప, ఇది అసలు దేనిదని ఒక్కరూ అడగలేదు. తాగే నీళ్లు దగ్గరకొస్తే ఎవరడుగుతారు లెండి.

మాది డుంబ్రిగుడ సంతకు నడిచి వెళ్లొచ్చేంత దూరంలో, కొండ వాలున ఉన్న చిన్న ఊరు. కింద చదునులో ఒక పాల ఫారం ఉండేది. నాన్న అందులో ట్రాక్టరు డ్రైవరు. మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఊళ్లో మరికొందరు ఆడవాళ్లతో కలిసి అక్కడే కూలికి వెళ్లేది. మా అత్త మనిషి సన్నగా ఉండేది కానీ నోరు మాత్రం సన్నం కాదు. సంతలో కాటా వాడు ఆమెను చూస్తే తక్కెడ సరిచేసుకునేవాడని ఊళ్లో నవ్వుకునేవారు.

మొక్కజొన్న పాలకంకి దశలో ఉన్నప్పుడు ఫారంలో పాతర పని మొదలయ్యేది. పచ్చి మొక్కజొన్నను ముక్కలు చేసి, పెద్ద గుంతలో వేసి తొక్కి, గాలి చొరకుండా మూసేస్తే అది ఊరగాయలా మాగుతుంది. ఎండాకాలంలో ఆవులకు అదే తిండి. ముక్కలు చేసి గుంతలోకి ఊదడానికి ఒక మెషిను ఉండేది. దానికి సొంత ఇంజను లేదు. ట్రాక్టరు వెనక నుంచి మెషినులోకి ఒక ఇనుప కడ్డీ వెళ్లేది. దాన్ని షాఫ్ట్ అనేవారు. ట్రాక్టరు ఆ కడ్డీని తిప్పితే, కడ్డీ మెషినులో కత్తులను తిప్పేది. ఆడవాళ్లు ఒక పక్క నుంచి మొక్కలు అందిస్తుంటే, పైనున్న పైపులోంచి పచ్చటి తుంపర గుంతలోకి ఎగిరిపడేది. అత్తకు అంబలి తీసుకెళ్లే సాకుతో నేను రోజూ పోయి ఆ తుంపర చూసేదాన్ని. కడ్డీ ఎంత జోరుగా తిరిగేదంటే, అది తిరుగుతున్నట్టే కనిపించేది కాదు. ఊరికే మెరుస్తూ నిలబడ్డట్టుండేది. దాంతోనే వచ్చింది ప్రమాదం.

మా పక్కింటి అక్కకు ఆ ఏడే పెళ్లి కుదిరింది. కాబోయే అత్తవారు సంతలో ఒక నైలాన్ చీర కొనిచ్చారు. మా ఆడవాళ్లు చీరను పొట్టిగా చుట్టి భుజం మీద ముడి వేసుకుంటారు. ఎక్కడా వేలాడదు. అక్కేమో కొత్త చీరను కింద ఊళ్ల వాళ్లలా పాదాల దాకా కట్టి, కొంగు వెనక్కి వదిలింది. అందంగా ఉంది. నాకు కూడా అలా కట్టుకోవాలనిపించింది. ఆ చీరతోనే పనికి వచ్చింది. మధ్యాహ్నం గాలి లేచింది. అక్క ఒక మోపు ఎత్తుకుని ట్రాక్టరు పక్కనుంచి వస్తుంటే కొంగు ఎగిరి కడ్డీకి తగిలింది.

తగలడం వరకే నాకు గుర్తుంది. తర్వాత చీర లేదు. అక్క అంత దూరంలో పడి ఉంది. భుజం జారిపోయి చెయ్యి వేలాడుతోంది. ఒంటి మీద రవిక, లోపలి పావడా మాత్రమే ఉన్నాయి. నాన్న ఇంజను ఆపాడు. మగవాళ్లు తలలు తిప్పుకున్నారు. మా అత్త లోడు మీది టార్పాలిన్ లాగి అక్కకు కప్పింది. కడ్డీకి మాత్రం ఎర్ర చీర తాడులా పేనుకుపోయి ఉంది.

భుజం సరిచేయించి అక్కను ఇంటికి తెచ్చారు. సాయంత్రానికల్లా ఫారం సూపర్‌వైజరు మాట ఊరికి చేరింది. అలాంటి చీరలు కట్టుకొస్తే అలాగే అవుతుందట. రేపటినుంచి మెషిను దగ్గరకు ఆడవాళ్లు రాకూడదట. సరే, ఆయనంటే పై మనిషి. ఊళ్లో ముసలమ్మలకేమైంది? మన ముడి మనం వేసుకుంటే ఇదంతా జరిగేదా, షోకుకు పోతే శోకమే మిగిలిందని వాళ్లూ మొదలుపెట్టారు. పెళ్లివారికి తెలిస్తే ఏమంటారోనని అక్క తల్లి తలుపు వేసుకుంది. అక్క లోపల గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి పిలిచినా ఇటు తిరగలేదు. మా ఇంట్లో నాన్న అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. అత్తే అందుకుంది.

"గాలొస్తే కొంగెగరదేటి? ఎగిరిన కొంగుది తప్పయితే, తిరిగిన కడ్డీది ఏటి?"

నాన్న కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేనూ అత్తా ఊట దగ్గరకు వెళ్లాం. బిందె నిండేదాకా ఆమెకు వేరే పని లేదు. గొట్టం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి లేచి దాని చుట్టూ చెయ్యి వేసి చూసింది. గరాటు మూతిని తడిమింది. గొలుసును చేతిలోకి తీసుకుని చూసింది. ఆ మెషిను ఫారానికి కొత్తగా వచ్చినప్పుడు కడ్డీ ఇలా బోడిగా ఉండేది కాదు. పసుపుపచ్చ తొడుగు ఉండేది. లోపల కడ్డీ ఎంత తిరిగినా తొడుగు మాత్రం కదలకుండా, చిన్న గొలుసుతో మెషినుకు కట్టి ఉండేది. అత్తకు అది జ్ఞాపకమొచ్చింది. ఊరు ఏడాదిగా తాగుతున్నది ఆ తొడుగులోంచే.

ఆమె గొట్టాన్ని రెండు చేతులా పట్టి ఊడబెరికింది. మట్టి, రాళ్లు, నీళ్లు అన్నీ మా కాళ్ల మీద పడ్డాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు. పిచ్చెక్కిందా, తాగే నీళ్లు చెడగొడతావా అని తిట్టారు. అత్త తిట్లన్నీ తిని, అప్పుడు గొట్టం ఎక్కడిదో చెప్పింది. తిట్టిన వాళ్లే వంగి ఆ గొట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నారు.

మా కొండల్లో చైత్రంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లది ఊరి రాజ్యం. తోవకు అడ్డంగా తాడు పట్టి, పాడుతూ, వచ్చే బండినల్లా ఆపుతారు. బస్సయినా జీపయినా, లోపలున్నది ఎంత పెద్ద మనిషయినా, ఏదో ఒకటి ఇస్తే తప్ప తాడు దించరు. ఎవరూ కోప్పడరు, అది ఆచారం. ఆ రోజు పండగా లేదు, చైత్రమూ కాదు. అత్త మాత్రం ఆవు పగ్గం తెచ్చి తోవ మధ్య నిలబడింది. మొక్కజొన్న చేను మా ఊరి పైన ఉండేది. కోసిన లోడుతో నాన్న ట్రాక్టరు ఫారానికి దిగాలంటే ఆ తోవ తప్ప వేరే లేదు.

పగ్గం ఒక కొస ఆమె పట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది. అంతమంది పెద్దవాళ్లుండగా నాకెందుకని నేను బిక్కమొహం వేశాను. ఆమె నా చెవిలో చెప్పిన మాట ఇప్పటికీ వినబడుతుంది.

"మీ నాన్న నా మీదకైనా తోల్తాడు గానీ నీ మీదకి తోలడే గుంటా. ఏటైనా సరే, కొస ఒగ్గీకు."

గుంట అంటే పిల్ల, ఒగ్గీకు అంటే వదలొద్దని. అదీ మా అత్త తెలివి. చిన్నపిల్లను ఎదురు నిలబెట్టడం న్యాయమేనా అని తర్వాత మా అమ్మ ఆమెతో పోట్లాడింది. న్యాయమో కాదో గానీ, నన్నొక మనిషిగా లెక్కలోకి తీసుకున్నది ఊళ్లో ఆమె ఒక్కతే.

ట్రాక్టరు మలుపు తిరిగింది. చక్రం పైనున్న మడ్‌గార్డు మీద సూపర్‌వైజరు కూర్చున్నాడు. పడమటి కొండ మీద మబ్బు దిగుతోంది. కోసిన మొక్కజొన్న తడవకముందే గుంతలో పడాలని ఆయన హడావిడి. మమ్మల్ని చూసి నాన్న నవ్వేశాడు. వేగం తగ్గించి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఏటే, సైత్రం మల్లీ వొచ్చీసిందేటి?"

"డబ్బులొద్దన్నా," అంది అత్త. వెనకున్న ఆడవాళ్లు గొట్టాన్ని ముందుకు పట్టుకొచ్చారు. దాని మూతికి ఇంకా ఊట మట్టి అంటుకుని ఉంది. "ఇది నువ్వే తెచ్చినావు కదా. దీన్ని దాని సోట పెట్టు. పెట్టినాకే బండి కదులుద్ది."

నాన్న మొహంలో నవ్వు ఎలా పోయిందో చూశాను. సూపర్‌వైజరుకు మాత్రం అర్థం కాలేదు, లేదా అర్థమైంది. తొడుగు తీసి ఏడాదయింది, ఇన్నాళ్లూ పని జరగలేదా, వాన వస్తోంది, ముందుకు పోనీ అని అరిచాడు. ఇంజను గుర్రుమంది. ట్రాక్టరు ముందు చక్రం ఒక అడుగు కదిలింది. నా పక్కనున్న పిల్లలు పరిగెత్తారు. నాకూ పరిగెత్తాలనే ఉంది. పగ్గం నా అరచేతుల్ని ఒరుసుకుని మండుతోంది. అటు కొస పట్టుకున్న అత్త నావైపు చూడనైనా చూడలేదు. నేను వదలనని ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకమే నన్ను కట్టేసింది. నేను నాన్న కళ్లలోకే చూస్తూ నిలబడ్డాను.

నాన్న ఇంజను ఆపేశాడు. తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సూపర్‌వైజరు ఉద్యోగం పోతుందన్నాడు, ఇంకా ఏమేమో అన్నాడు. నాన్న దిగి గొట్టం భుజాన వేసుకున్నాడు. ఫారం వైపు పోతాడనుకున్నాం. కానీ వెనక్కి తిరిగి, ఊళ్లోకి నడిచి, పక్కింటి అక్క వాకిట్లో నిలబడ్డాడు. మేమంతా వెనకే వెళ్లాం. తలుపు మూసే ఉంది. నాన్న నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం ఊరందరికీ వినిపించేలా గొంతెత్తాడు.

"అమ్మా, తప్పు నాది. గ్రీజు పెట్టడానికి అడ్డమొస్తాందని ఈ తొడుగు నేనే తీసీసినాను. నీ సీరది గానీ కొంగుది గానీ ఏ తప్పూ లేదు."

తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి ఏడుపు వినిపించింది. పెద్దగా, నిన్నటినుంచీ పట్టుకున్నదంతా వదిలేసిన ఏడుపు. మా అత్త వాకిట్లోనే చతికిలబడి తనూ ఏడ్చింది. అంతటి నోరున్న మనిషి ఏడవడం నేను మొదటిసారి చూశాను.

వాన ఎవరి కోసమూ ఆగదు. తోవలో నిలిచిన లోడంతా తడిసింది. తడిసిందంతా నాన్న మెడకే చుట్టారు. ఆయన్ను ట్రాక్టరు మీంచి దించి పేడ కొట్టానికి పంపారు. మళ్లీ స్టీరింగు చేతికివ్వడానికి మరో పంట పట్టింది. తొడుగు మాత్రం కడ్డీ మీదకు ఎక్కింది. ఎందుకంటే అది లేకుండా మెషినుకు మొక్కలు అందించేది లేదని మా ఊరి మగవాళ్లు కూడా ఇళ్లలో కూర్చున్నారు. అందించే చేతులు ఫారానికి వేరే ఎక్కడా దొరకలేదు. ఆడవాళ్లను మళ్లీ పిలవక తప్పలేదు. భుజం నయమయ్యాక అక్క కూడా వచ్చింది. కింద ఊళ్ల వాళ్లలా పాదాల దాకా చీర కట్టుకునే వచ్చింది. మా అత్త ఆమె దగ్గరకెళ్లి, కొంగు తీసి నడుముకు దోపింది. తొడుగు ఉన్నా కొంగు కొంగే కదా.

ఊట దగ్గర మళ్లీ వెదురే వచ్చింది. ప్రతి వానాకాలం ముందూ నాన్న ఎవరూ అడక్కుండానే అడవికి పోయి, కొత్త వెదురు చీల్చి పెట్టేవాడు. చివరిదాకా ఆ పని ఇంకెవరినీ చేయనివ్వలేదు. అత్త మీద ఒక్కసారైనా కోపం చూపలేదు. చెల్లెలు అడ్డం రాకపోతే ఇంకెవరు వస్తారు అనేవాడు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. మా ఆడవాళ్లందరం కలిసి ఆవులు పెట్టుకున్నాం. పాతర పనికి ఏటా ట్రాక్టరు, మెషిను అద్దెకు పిలుస్తాం. మొన్న వచ్చిన కుర్ర డ్రైవరు షాఫ్టుకు తొడుగు లేదు. అడిగితే, అన్ని ఊళ్లూ తిరిగొచ్చాను అమ్మమ్మా, ఎక్కడా ఎవరూ అడగలేదు, తొడుగు మా షెడ్డులో పడి ఉందన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. మా వాళ్లే నన్ను వెనక్కి లాగారు. మొక్కజొన్న వాడిపోతోంది, ఈ ఒక్కరోజుకు పోనిద్దాం అన్నారు. మేకుకు తగిలించి ఉన్న పగ్గం తీసి తోవకు అడ్డంగా పట్టాను. పిచ్చి ముసలిదని వాళ్లు గొణుక్కున్నా నాకు వినబడుతూనే ఉంది. రెండో కొస మా మనవరాలి చేతికిచ్చి, మా అత్త చెప్పిన మాటే దాని చెవిలో చెప్పాను. అరచేతుల్లో ఆనాటి మంటే మళ్లీ పుట్టింది.

కుర్రవాడు ఇంజను ఆపి, ఎంతసేపు ఇలా నిలబడతావు అమ్మమ్మా అన్నాడు.

నీ తొడుగు ఎంత దూరంలో ఉంటే అంతసేపు నాయనా, అన్నాను.