పెళ్ళికూతురెక్కిన టిప్పర్

నవ్వండి, నవ్వండి. మీరెందుకు మానాల? పెళ్ళికూతుర్ని టిప్పర్ ఎక్కించినోడెవడని మూడు రోజులుగా రాజాం బజార్లో ఒకటే ఆరా అట కదా! ఆ మొనగాడు మరెవడో కాదు, మీ ఎదురుగా కూకుని టీ తాగుతన్న ఈ తవిటినాయుడే. అయితే ఊర్లో సెప్పుకుంటన్నది సగమే నిజం. బండి పాడైపోనాదంటన్నారు. అదొక్కటీ నాను ఒప్పుకోను. బండి బంగారం. మొదట్నించీ సెప్తాను, ఇనండి.

మాది సెట్లు కొట్టీ పని. పైకెక్కీది మా బావ సింహాచలం, కింద రంపం మెషిను పట్టీది నాను. కొట్టడం ఎంతసేపు? ఒక పూట. కొట్టిన మండలన్నీ ఎత్తి ఎక్కడో పారబోసి రావడమే సావు. అద్దె ట్రాక్టరోడు రమ్మంటే రేపంటాడు. రేపొచ్చి, తడి మండలు నా బండిలో ఎయ్యొద్దంటాడు. పడలేక, సెకండ్ హేండ్‌లో ఒక సిన్న టిప్పర్ వేను కొందామనుకున్నాం.

"బావా, తొందరపడొద్దు, నమ్మకమైంది సూసి కొందుం" అన్నాను.

సూసినాను మరి! మూడు నెలలు సూసినాను. పొద్దున్నే ఆరింటికే ఎల్లిపోయీవోణ్ణి, ఎందుకంటే ఆలీసంగా ఎల్తే అమ్మీవోడు ముందే ఇంజిను వేడెక్కించి ఉంచుతాడు. ఎల్లగానే బోనెట్టు మీద సెయ్యి పెట్టీది. సల్లగా ఉంటేనే మాట. శ్రీకాకుళంలో ఒకటి సూస్తే, ఇసక మోసి మోసి ఛాసిసంతా తుప్పు. తాళంతో గీకితే పెచ్చులూడినాయి. గరివిడి కాడ ఇంకోటి, రాళ్ళు మోసిన బండి, అడుగు రేకంతా సొట్టలు. సొట్టల రేకు మీద మండలు జారవు, వద్దన్నాను. మూడోది ఇంజిను బాగున్నాది గానీ ఎనక డోరు పైనించి ఏలాడీ రకం. ఇసక్కి అది మంచిదే. కొమ్మలకి పనికిరాదు, దింపీటప్పుడు డోరుకి తగులుకుని కదలవు. మన పనికి మూడు పక్కలా డోర్లు కిందకి వాలాల. ఇలాగన్నీ సెప్తంటే మా బావ నోరెళ్ళబెట్టి సూసీవోడు. నాకేమో లోపల్లోపల ఒక గర్వం.

సివరికి రాజాంలోనే దొరికినాది, ఒక ఇటుకల యాపారి కాడ. ఆ బండి కోసం నాలుగుసార్లు ఎల్లినాను. కింద దూరి సూసినాను, ఆయిలు వాసన సూసినాను, తొట్టి పదిసార్లు ఎత్తించి దింపించినాను. పదోసారికి ఆయనకి ఒళ్ళు మండిపోనాది.

"ఏటి బావూ, బండి సూడ్డానికొచ్చినావా, పిల్లని సూడ్డానికొచ్చినావా?"

"పిల్లనైతే ఒక్కసారే సూసినానండి. అందుకే ఇప్పుడింత జాగర్త" అన్నాను. బండి సూస్తానని నాతోటొచ్చిన మా ఆవిడ పక్కనే ఉన్నాదన్న సంగతి మర్సిపోనాను. ఇంటికెల్లాక ఏటైనాదో అడక్కండి.

తాళం సేతిలో పెడతా ఆ యాపారి ఒక మాటన్నాడు. "ఈ లివరు కాస్త బిగువు. ఒక్కసారి లాగినావంటే తొట్టి సివరిదాకా లేస్తాదే గానీ మధ్యలో ఆగదు. సూసుకో."

ఓలమ్మో, నాకది పొగడ్తలాగ ఇనపడినాది! మధ్యలో ఆగని బండి కంటే ఇంకేటి గావాలని మురిసిపోనాను.

బండి కొన్న వారానికే ఆ గాలివాన వచ్చినాది. బుధవారం మజ్జానం మా పక్కూరి బాప్టిస్టు చర్చి పాస్టరుగారు ఫోను సేసినారు. గేటు పక్కన నిద్రగన్నేరు సెట్టు కూలిపోయి గేటుకి అడ్డంగా పడిందట. "తవిటీ, రేపు పది గంటలకి ఇక్కడ పెళ్ళి. పన్నెండుకి నాకు ఇంకో ఊర్లో పెళ్ళి. ఆలీసమైతే ఈ పిల్ల పెళ్ళి సాయంత్రానికి పోతాది, మగపెళ్ళోళ్ళు ఇప్పటికే రుసరుసలాడతన్నారు. నీదే భారం నాయనా."

"మీరు నిశ్చింతగా ఉండండి అయ్యగారూ. మనకిప్పుడు సొంత బండున్నాది!" అన్నాను.

గురువారం తెల్లారీసరికి నాను, బావ, ఇద్దరు కూలీలు అక్కడున్నాం. కోసినాం, లాగినాం, ఎక్కించినాం. అడుగున దుంగలు, పైన మండలు. పొడుగు కొమ్మలు బయటికి రావడంతో ఎనక డోరు వాల్చే ఉంచీసినాం. తాడు కట్టీస్తే అయిపోనాది పని. తొమ్మిదీ నలభైకి గేటు అద్దంలాగ ఉన్నాది. నానే సీపురుతో తుడిసినాను కూడాను. పెళ్ళికొడుకు కోటేసుకుని లోపల కూకున్నాడు. పెళ్ళికూతురు కారు బయల్దేరిందని కబురు. బావ తాడు కోసం ఎల్లినాడు. బండి రోడ్డు మీద, ఎనక భాగం గేటు వైపు.

అప్పుడు పాస్టరుగారు వచ్చి బండి మీద సెయ్యేసినారు. "బాగున్నాది తవిటీ. నమ్మకమైన బండేనా?"

అడగాల్సిన మాటేనేటండి అది? మూడు నెలలు తిరిగినోణ్ణి!

"నమ్మకమేటండి అయ్యగారూ, ఇంత లోడుతోటి కూడా జాకీ తొట్టినెలాగ లేపుతాదో సూడండి. ఒక్క జానెడు ఎత్తి దించీస్తాను" అని, ఆయన్ని గేటు లోపలికి జరగమని, ఎక్కి లివరు లాగినాను.

జానెడు లేసినాది. మూరెడు లేసినాది. లివరు ఎనక్కి తోస్తన్నాను, అది కదిలితేనా! "ఆగే తల్లీ, ఆగే!" అంటన్నాను. తొట్టి ఆకాశం కేసి పోతన్నాది. ఎనకాల గడగడమని దుంగలు దొర్లినాయి. ఆటి ఎనకాల మండలు. పొద్దుట్నించీ నలుగురం ఎక్కించింది అర నిమిషంలో దిగిపోనాది. ఎక్కడ? సరిగ్గా గేట్లో. ఒక్క రెమ్మ పక్కన పడితే ఒట్టు!

దుమ్ము తగ్గినాక సూస్తే, అవతలి పక్క పాస్టరుగారి తల మాత్రమే కనపడతన్నాది. ఆయన నెమ్మదిగా "స్తోత్రం" అన్నారు. తిట్టినా బాగుండును.

అప్పుడే కారొచ్చి ఆగినాది. తెల్ల సీర, తల మీద ముసుగు, సేతిలో పూలు, పెళ్ళికూతురు దిగినాది. కుప్పకేసి సూసినాది, నాకేసి సూసినాది. ఆ పిల్ల పెదాలు వణకడం సూసీసరికి నా పేణం పోనాది. నాకూ కూతురున్నాది కదేటి! ఎక్కడైనా దాక్కుందామంటే ఉన్న ఒక్క సెట్టూ నానే కోసీసినాను.

"మళ్ళా ఎత్తడానికి ఎంతసేపు?" పెళ్ళికూతురు తండ్రి అడిగినాడు.

"మూ... మూడు గంటలండి."

ఆయన నెత్తి మీద సెయ్యేసుకున్నాడు. అప్పుడు కారులోంచి ఆ పిల్ల మామ్మ దిగినాది. డెబ్బై దాటినాయి, కర్రలాగ నిలబడి ఉన్నాది. జరిగిందంతా పాస్టరుగారు గేటు అవతలి నించి కేకేసి సెప్పినారు.

"ఒరే, ఊరుకున్నంత ఉత్తమం లేదని ఎవరూ సెప్పలేదేట్రా నీకు?" అన్నాది నాతో. మనవరాలి కేసి తిరిగి, "ఏడవకే. కాటుక పోతాది" అన్నాది. తరవాత ప్రహరీ గోడ కేసి సూసినాది. ఛాతీ ఎత్తు గోడ. బండి కేసి సూసినాది. "ఆ తొట్టి దింపి గోడకి ఆనించండి. పక్క డోర్లు వాలతాయి కదా? ఇటెక్కి అటు దిగీడమే. నాను వరి బండ్లు ఎక్కి దిగినదాన్నే."

తాళం నా సేతిలోంచి లాక్కుని, తాడు పట్టుకుని అప్పుడే వచ్చిన మా బావకిచ్చినాది. "నువ్వు దింపు బావూ. ఈడు ముట్టుకోకూడదు."

తొట్టి ఎంత నెమ్మదిగా దిగినాదో! నా జన్మలో అంత పెద్ద నిమిషం సూళ్ళేదు. దిగినాది. బావ బండి గోడ పక్కన పెట్టగానే మామ్మ తాళం పీకి, పిడికిట్లో పెట్టుకుని, డ్రైవరు సీట్లో ఎక్కి కూకున్నాది. ఆడోళ్ళు చర్చిలోంచి ఎర్ర తివాచీ గోడ మీంచి అందిస్తే తొట్టిలో పరిసినారు. ఇవతల కుర్చీ, అవతల బెంచీ.

"నాను కుర్చీ పట్టుకుంటానమ్మా" అన్నాను.

మామ్మ కిటికీలోంచి తల బయట పెట్టినాది. "పట్టుకో. కుర్చీ ఒక్కటే పట్టుకో."

ఆ పిల్ల సీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కుర్చీ ఎక్కినాది, తొట్టిలో కాలు పెట్టినాది. పెట్టి, ఎందుకో ఆగి, పకపకా నవ్వీసినాది. అవతల పెళ్ళికొడుకు బెంచీ ఎక్కి సెయ్యి సాపినాడు. లోపలున్నోళ్ళందరూ బయటికొచ్చి సప్పట్లు కొట్టి, పాట ఎత్తుకున్నారు. పదీ ఇరవైకి పిల్ల లోపలుండడం, పెళ్ళి జరిగిపోవడం! నిజం సెప్తన్నాను, కుర్చీ పట్టుకునే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

పెళ్ళయ్యాక తాళం అడగడానికెల్తే, "ముందు తిను" అని మామ్మ నా విస్తట్లో రెండుసార్లు బిర్యానీ ఎయ్యించినాది. తాళం మాత్రం మా బావకే ఇచ్చినాది.

అక్కడితో అయిపోనాదనుకున్నాను. ఎక్కడ! అందరి ఫోన్లలోనూ ఫోటోలు. తొట్టిలో పెళ్ళికూతురు, కిందన బండి మీద నాను రాయించుకున్న అక్షరాలు, 'సెట్లు కొట్టి ఎత్తబడును', నా నంబరుతోటి. నిన్నట్నించీ ఒకటే ఫోన్లు. పొద్దున్న ఒకాయన సేసినారు, పెరట్లో కొబ్బరి సెట్లు నాలుగు కొట్టాలట.

"పెళ్ళికూతురెక్కిన బండి మీదేనా?"

"మాదేనండి."

"బండి గట్టిదిలాగుంది. అయితే ఒక్క మాట. ఆ లివరు లాగిన ఎర్రి డ్రైవరున్నాడే, ఫోటోలో కుర్చీ పట్టుకున్న కోరమీసాలోడు, ఆడింకా మీ కాడే ఉన్నాడా?"

పక్కన మా ఆవిడ ఇంటన్నాది. "లేడండి. ఆ రోజే తీసీసినాం" అన్నాను.

"మంచి పని సేసినారు. రేపు పంపించండి."

పంపించండి అంటే ఎవడెల్తాడు? నానే కదా ఎల్లాల! మీరిందాకట్నించీ అడుగుతన్నారు కదా, ఇరవయ్యేళ్ళ మీసం ఏటైపోనాదని. అదీ సంగతి.