రిలీవర్

కొన్నేళ్ల కిందట హుజూర్‌నగర్‌లో నల్లగొండ బస్సెక్కాను. నా ముందు సీట్లో సిమెంటు ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒకాయన, కిటికీ పక్కన ఆయన పదేళ్ల కూతురు కూర్చున్నారు. ఆ పాపకు మాటలు రావు. ముందుకూ వెనక్కూ అదే లయలో ఊగుతూ ఉంది. తల ముందు సీటు కడ్డీకి తగలకుండా ఆయన అరచేయి అడ్డం పెట్టాడు. పక్క వరుసలో ఆయన భార్య నిద్రపోతోంది.

ఆమె మేలుకోగానే పక్కనున్న ముసలమ్మ అందరికీ వినబడేటట్లు అడిగింది: "బిడ్డ గిట్లుంటే నీ పెనిమిటి నిన్ను మంచిగ చూస్తుండా, ఇడిచిపెడ్తనంటుండా?"



"ఆయన్నే అడుగు అవ్వా, నేను మంచిగ చూస్తున్ననో లేదో" అని ఆమె తలెత్తి నవ్వింది.

"జర లేటుగ రిలీవ్ చేస్తది, గంతే" అన్నాడాయన. ముసలమ్మకు అర్థం కాలేదు. "ఫ్యాక్టరీల మన తర్వాత డ్యూటీ ఎక్కెటోడు, గా రిలీవర్ వచ్చెదాక జాగ ఇడువద్దు అవ్వా. మా ఇంట్ల గూడ గదే. నేను బిడ్డను చూస్తే ఆమె పండుకుంటది, ఆమె చూస్తే నేను పండుకుంట."

నేనూ షిఫ్టుల్లో పనిచేసే ఇంజనీరునే. ఆ నియమం నాకు కొత్త కాదు. దాన్ని అంత గర్వంగా చెప్పిన మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

"మరి ఇద్దరు కలిసి కూసునుడెప్పుడు బిడ్డా?" అంది ముసలమ్మ.

"గిప్పుడే" అంటూ ఆయన భార్య లేచి వాళ్ల సీట్లోకి వెళ్లి, పాప తలను ఒడిలోకి తీసుకుంది. పండుకొమ్మని ఆమె ఎంత చెప్పినా ఆయన కళ్లు మూయలేదు. నల్లగొండ వచ్చేవరకు ఇద్దరూ ఏవో చెప్పుకుంటూ, నవ్వుకుంటూనే ఉన్నారు.